కొత్త తోలు బూట్లను కాలికి మాలిమి చేసుకోవడం: విశాఖ ఉప్పుగాలిలో ట్రెకింగ్ బూట్ల సంరక్షణ

మా అత్తయ్య ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తుంది. 32 కిలోమీటర్లు, ఉత్త కాళ్ళతో. నేను కొండలెక్కడానికి ఏడువేలు పోసి తోలు బూట్లు కొన్నానని తెలిసి, "కొండెక్కడానికి కాళ్ళు కావాలి గానీ బూట్లెందుకురా?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటికే ఆ బూట్లు కరిచి, రెండు మడమలూ బొబ్బలెక్కి, వారం నుంచీ హవాయి చెప్పులతో ఆఫీసుకి వెళ్తున్నాను. పెట్టె విప్పిన మర్నాడే వాటితో ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి తిరిగొచ్చిన ఫలితం అది.

అత్తయ్య పాదాలకి పాతికేళ్ళ అలవాటుంది. నా బూట్లకి ఒక్కరోజు అలవాటు కూడా లేదు. తప్పు బూట్లది కాదు, నా తొందరది.

ఆ తర్వాత ఇంటర్నెట్‌లో దొరికిన సలహాలన్నీ చదివి, వాటిలో సగం పాటించి మరో జత పాడు చేసుకున్నాను. ఆ సలహాలు తప్పని కాదు, అవి చలిదేశాల వాళ్ళు రాసుకున్నవి. వాళ్ళ బాధ మంచు, ఎండిపోయి పగిలే తోలు. మన బాధ వేరు. ఇక్కడ తోలు ఎండిపోదు, అసలు ఆరదు. వాళ్ళు "బాగా మైనం పట్టించండి" అంటే, విశాఖలో ఉన్నవాళ్ళు "బాగా ఆరబెట్టండి" అని చదువుకోవాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే మిగతాదంతా ఓపిక పనే.

ముందు తోలు సంగతి

ట్రెకింగ్ బూట్లలో ప్రధానంగా మూడు రకాల తోలు కనిపిస్తుంది. పశువు చర్మం పైపొరను అలాగే ఉంచి, నున్నగా, గట్టిగా ఉండేది ఫుల్ గ్రెయిన్. అదే పైపొరను సన్నగా రుద్ది వెల్వెట్‌లా చేసింది నుబక్. లోపలి పొరతో చేసేది స్వెడ్, ఇది అన్నిటికన్నా మెత్తన. ఫుల్ గ్రెయిన్ కాలికి అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఎక్కువ ఏళ్ళు వస్తుంది. బరువైన ఫుల్ గ్రెయిన్ బూటుకి నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వండి. నుబక్, స్వెడ్ ఉన్న తేలిక బూట్లయితే వారం పది రోజులు చాలు.

తోలంటే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు అడ్డదిడ్డంగా అల్లుకున్న చాప. కాలి వేడి, కాస్త చెమట తగిలితే ఆ పోగులు కొద్దిగా జరిగి, చల్లబడ్డాక కొత్త చోట స్థిరపడతాయి. ఇలా వందలసార్లు జరిగితేనే బూటు మీ పాదం ఆకారంలోకి వస్తుంది. దీనికి దగ్గరిదారి లేకపోవడానికి కారణం ఇదే. వేడిగానీ నీళ్ళుగానీ ఒక్కసారిగా ఎక్కువ పెడితే పోగులు జరగవు, ముడుచుకుపోతాయి.

ఇంకొకటి. వేళ్ళ మొదట్లో పాదం వంగే చోట బూటు మీద మొదటిసారి పడే మడత ఇక పోదు. చొక్కా ఇస్త్రీ మడతలాంటిది కాదది, అరచేతి గీతలాంటిది. అందుకే మొదటి రోజు నుంచీ లేసులు సరిగ్గా కట్టాలి. వదులుగా కట్టి తిరిగితే మడత వంకరగా పడి, ఆ మడత లోపలివైపు బొటనవేలి కణుపు మీద నొక్కుతూనే ఉంటుంది.

కొనేటప్పుడే సగం పని

సాయంత్రం పూట వెళ్ళండి. పొద్దుటి నుంచి తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీద కూడా అలాగే ఉబ్బుతుంది. ట్రెక్‌కి వేసుకునే మేజోళ్ళే వెంట తీసుకెళ్ళండి. షాపువాడిచ్చే పల్చటి నైలాన్ మేజోడుతో చూసుకున్న సైజు తర్వాత చిన్నదైపోతుంది.

నేను ఎవరికైనా మొదట చెప్పే చిట్కా ఇది. బూటులోంచి ఇన్‌సోల్ తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం ఎక్కడైనా ఇన్‌సోల్ అంచు దాటి బయటికి పొర్లితే ఆ బూటు మీది కాదు. ఏ తోలూ అంత సాగదు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో తిరిగిన కాళ్ళు వేళ్ళ దగ్గర వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. ముందు సన్నగా వచ్చే బూట్లు నాలాంటి వాళ్ళకి పనికిరావు. వెడల్పు మోడల్ ఉందా అని అడగండి, చాలా కంపెనీలు చేస్తాయి.

తర్వాత లేసులు కట్టకుండా కాలు పెట్టి వేళ్ళు ముందుకి ఆనించండి. మడమ వెనకాల ఒక వేలు దూరాలి. దూరకపోతే దిగుడులో గోళ్ళు నల్లబడతాయి. ఇప్పుడు లేసులు కట్టి, షాపు మెట్లు ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు మడమ కొద్దిగా లేస్తే ఫరవాలేదు, కొత్త సోలు వంగక అలా జరుగుతుంది. దిగేటప్పుడు వేళ్ళు ముందు తగిలితే మాత్రం వదిలెయ్యండి. "వాడగా వాడగా సాగుతుంది సార్" అని షాపువాడు అంటాడు. అడ్డంగా కాస్త సాగుతుంది, పొడవుకి సాగదు.

గోర్‌టెక్స్ లాంటి నీళ్ళు చొరబడని పొర కావాలా అన్నది మరో ప్రశ్న. నా అభిప్రాయం: మన వైపు తిరగడానికైతే వద్దు. బయటి నీళ్ళు లోపలికి రాకుండా ఆపే పొర, ఈ ఉక్కపోతలో లోపలి చెమటని బయటికి పంపడానికి తిప్పలు పడుతుంది. పైగా ఒకసారి పైనుంచి నీళ్ళు దిగితే ఆరడానికి రెట్టింపు సమయం. హిమాలయాలకి వెళ్ళే ఆలోచన ఉంటే అది వేరే లెక్క.

మొదటి వారం: గుమ్మం లోపల

మొదటి వారం బూట్లు ఇంట్లోనే వేసుకోవాలి. మాపుకోకుండా ఉంటే, సైజు తేడా వచ్చినా షాపులో మార్చుకోవచ్చు. చెప్పడానికి తేలికే. కానీ బూట్లతో ఇంట్లో తిరగడం అనేది మన ఇళ్ళలో ఎంత పెద్ద విషయమో మీకు తెలుసు.

నేను మొదటి సాయంత్రం హాల్లో రెండడుగులు వేశానో లేదో, వంటింట్లోంచి అమ్మ వచ్చింది.

"ఒరేయ్, బూట్లతో ఇంట్లోనా? దేవుడి గది పక్కన?"

"కొత్తవేనే అమ్మా, ఇంకా నేల తగల్లేదు."

"షాపు నేల మీద పెట్టి చూసుకోలేదా?"

ఆ లా పాయింటుకి నా దగ్గర సమాధానం లేదు. చివరికి సోళ్ళు తడిగుడ్డతో తుడిచి, కంప్యూటర్ టేబుల్ కింద పాత దుప్పటి పరిచి, ఆ దుప్పటి హద్దు దాటకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. నడక మాత్రం మేడ మీద. సాయంత్రం డాబా ఊడ్చుకుని, మొక్కలకి నీళ్ళు పోస్తూ అటూ ఇటూ తిరిగితే అరగంట గడిచిపోయేది.

మొదటి రెండు రోజులు గంట చొప్పున చాలు, అదీ ఎక్కువసేపు కూర్చునే. కాలి వేడికి తోలు మెత్తబడటమే అప్పటి పని. మూడో రోజు నుంచి రెండు గంటలు, మధ్యమధ్య మునివేళ్ళ మీద లేవడం, మెట్లెక్కడం. బరువైన బూటుకి ఇంకో వారం ఇలాగే సాగించినా నష్టం లేదు. ఎప్పుడు విప్పినా వెంటనే పాదాలు చూసుకోండి. లేత ఎరుపు సహజం. ఒకే చోట రూపాయి బిళ్ళంత ఎర్రగా, వేడిగా ఉంటే అక్కడ రేపు బొబ్బ లేస్తుంది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

మేజోళ్ళ విషయంలో ఒక్కమాట. కాటన్ వద్దు. కాటన్ చెమట పీల్చుకుని తడిసి అక్కడే ఉండిపోతుంది, తడి చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది. ఉన్ని అనగానే ఉక్కపోతలో ఉన్నేమిటని నవ్వకండి. మెరీనో ఉన్ని సన్నటి పోగు, తడిసినా కాలికి జిగటగా అంటుకోదు. అది ఖరీదనుకుంటే పాలిస్టర్ స్పోర్ట్స్ మేజోళ్ళు చాలు. చాలామంది సన్నటిదొకటి లోపల, మందంది పైన వేస్తారు. అప్పుడు రాపిడి రెండు మేజోళ్ళ మధ్య జరుగుతుంది, చర్మం మీద కాదు.

లేసు కట్టడంలో ఉంది మర్మం

బడిలో నేర్చిన ముడితోనే జీవితమంతా లాగించేస్తాం. బూటుకి అది చాలదు.

కాలు పెట్టాక, మడమని రెండుసార్లు నేలకి తట్టి వెనక్కి ఆనించండి. బూటు నాలుకని సరిగ్గా మధ్యకి లాగండి. ఇప్పుడు కింది రంధ్రాల నుంచి ఒక్కో వరసా లాగుతూ పైకి రండి. వేళ్ళ దగ్గర వదులుగా, పాదం మీద ఒడుపుగా, చీలమండ దగ్గర గట్టిగా. పాదం వంపు తిరిగి కాలుగా మారే చోట ఆగి, రెండు లేసుల్నీ మామూలుగా ఒకసారి కాకుండా రెండుసార్లు మెలివేసి లాగండి. ఆ మెలిక జారదు. కింద కట్టిన బిగువు కిందే ఉంటుంది, పైన ఎంత వదిలినా మడమ లేవదు. మడమ బొబ్బలకి నేను చూసిన అన్ని మందుల్లోకీ ఈ మెలికే గొప్పది.

పాదం మీద ఎముక దగ్గర లేసు నొక్కుతుంటే, ఆ ఒక్క వరసలో లేసుల్ని అడ్డంగా దాటించకుండా ఎటువైపుది అటే నిలువుగా పై రంధ్రంలోకి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ అడ్డం వెయ్యండి. నొక్కే చోట కిటికీలా ఖాళీ వస్తుంది.

కొండ దిగబోయే ముందు ఒక నిమిషం కూర్చుని, లేసులు విప్పి మళ్ళీ కట్టండి, ఎక్కేటప్పటికన్నా బిగువుగా. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఈ పని చెయ్యడం కాస్త నామోషీగా ఉంటుంది. కింద చేరాక ఎవరి గోళ్ళు నొప్పెడుతున్నాయో చూడండి.

రెండో వారం నుంచి: వీధి, బీచ్ రోడ్డు, మెట్లు

ఇప్పుడు బయటికి. రైతుబజారుకి వెళ్ళి కూరలు తెచ్చుకోవడంతో మొదలుపెట్టండి. కరిస్తే ఇల్లు దగ్గర్లోనే ఉంటుంది. షార్టు మీద బూట్లేసుకుని వంకాయలు బేరమాడుతుంటే నలుగురూ చూస్తారు, చూడనివ్వండి. నాలుగైదు రోజులు అలా గడిచాక తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్ళండి. వాహనాలు ఆపేసే వేళ కాబట్టి హాయిగా నడవొచ్చు. మూడు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారంలో ఆరుకి పెంచండి. ఒక్కటే షరతు, ఇసుకలోకి దిగొద్దు. ఇసుక లేసు రంధ్రాల్లోంచి లోపలికి చేరి, లోపలి గుడ్డని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. అలల దాకా వెళ్తే ఏమవుతుందో తర్వాత చెప్తాను.

మూడో వారం ఎత్తులు. బీచ్ రోడ్డు వైపు నుంచి కైలాసగిరి ఎక్కండి. సింహాచలం మెట్లుండగా ఇదెందుకు అంటారేమో, అక్కడ చెప్పులే విప్పి ఎక్కుతాం, బూట్ల మాట అడక్కండి. కాస్త నిదానంగా ఎక్కే దారి కావాలంటే భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది. బౌద్ధ భిక్షువులు రెండువేల ఏళ్ళ కిందట తిరిగిన కొండ, పై దాకా రోడ్డుంది, తెల్లారి ఎండ ముదరకముందే ఎక్కి దిగొచ్చు. మొదటిసారి వీపు మీద ఏమీ లేకుండా వెళ్ళండి. రెండోసారి సంచిలో రెండు నీళ్ళ సీసాలు, ఆ తర్వాత ఐదారు కిలోలు. బరువు పెరిగితే పాదం ఇంకాస్త పరుచుకుంటుంది, బూటు దానికీ అలవాటు పడాలి.

నాలుగో వారం కంబాలకొండ మట్టిదారులు. రాళ్ళు, వేర్లు, పక్కకి వాలిన నేల. చీలమండ దగ్గరి పట్టీ ఇక్కడే మెత్తబడుతుంది. ఈ నడక పూర్తయ్యి, ఇంటికొచ్చి బూట్లు విప్పి, పాదాల మీద ఎక్కడా ఎరుపు లేకపోతే, అప్పుడు పాడేరు బస్సెక్కండి. వంజంగి మేఘాల కొండకి చీకట్లో ఎక్కుతాం, మంచుకి గడ్డి తడిగా ఉంటుంది, రాళ్ళు జారతాయి. కొత్త బూట్లని పరీక్షించే చోటు కాదది, పరీక్ష నెగ్గిన బూట్లని తీసుకెళ్ళే చోటు.

అయినా కరిస్తే

కాలు మండుతున్నట్టు అనిపించిన క్షణమే ఆగాలి. "ఇంకో అరకిలోమీటరే కదా" అనుకున్న ప్రతిసారీ బొబ్బ లేచింది. మేజోడు విప్పి, చర్మం తుడిచి, మందుల షాపులో దొరికే బట్ట ప్లాస్టర్ ముడతల్లేకుండా అంటించండి. ప్లాస్టర్ మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేచిపోవు. బయల్దేరే ముందే వేళ్ళ సందుల్లో, మడమకి వ్యాజిలైన్ రాసుకోవడం కూడా పనిచేస్తుంది. ప్లాస్టర్ వేసే చోట మాత్రం రాయకండి, అంటుకోదు.

చిన్న బొబ్బని పగలగొట్టొద్దు. పెద్దదై నడవనివ్వకపోతే, శుభ్రం చేసిన సూదితో అంచున చిన్న రంధ్రం పెట్టి నీరు తీసెయ్యండి, పై చర్మం మాత్రం లాగేయకండి. అదే దానికి కట్టు. షుగర్ ఉన్నవాళ్ళు ఇవేవీ సొంతంగా చెయ్యకూడదు. వాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి, బూటు కరిచినా తెలియకపోవచ్చు. రోజూ విప్పాక అరికాలు అద్దంలో చూసుకోవాలి, పుండు కనిపిస్తే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

ఒకే చోట పదేపదే నొక్కుతుంటే, లోపలినుంచి ఆ చోటున గరిటె కాడ గుండ్రటి చివరతో గట్టిగా రుద్దండి, రోజుకి ఐదు నిమిషాలు. బొటనవేలి పక్క ఎముక దగ్గర ఇలా రుద్ది నేను నాలుగు రోజుల్లో దారికి తెచ్చుకున్నాను. అలా లొంగకపోతే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర చెక్క అచ్చు ఉంటుంది, దాని మీద రెండు రాత్రులు ఉంచి సాగదీస్తారు.

ఈ దగ్గరిదారులు వద్దు

బక్కెట్లో నానబెట్టి తడి బూట్లతో నడిచి ఆరబెట్టడం పాత మిలిటరీ పద్ధతి అంటారు. ఆనాటి బూట్లలో తోలు, మేకులు, దారమే ఉండేవి. ఇప్పటి బూట్లలో జిగురు, ఫోమ్, అట్ట లాంటి పొరలు ఉన్నాయి. నానితే అవి విడిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ కూడా అంతే. తడి తోలు పొడి తోలుకన్నా చాలా తక్కువ వేడికే ముడుచుకుపోతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో బూట్లు వదిలేయడం కూడా హెయిర్ డ్రయ్యర్ కిందికే వస్తుంది. అద్దాలు మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు, ఆ వేడికి సోలు జిగురు మెత్తబడుతుంది.

ఇంటికొచ్చాక

అలసిపోయి వచ్చి బూట్లు గుమ్మం పక్కన విసిరేసి స్నానానికి పోతాం. ఆ పది నిమిషాల బద్ధకమే బూట్ల ఆయుష్షు తినేది.

ముందు లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుక ముందుకి లాగి, ఇన్‌సోళ్ళు బయటికి తియ్యండి. ఇన్‌సోల్ లోపలే ఉంచి ఆరబెట్టడం అంటే మూతపెట్టి అన్నం ఆరబెట్టడమే. సోలు గాళ్ళలో ఇరుక్కున్న రాళ్ళు పుల్లతో తీసేయండి. ఆ గాళ్ళకో కథ ఉంది. 1935లో ఆల్ప్స్‌లో తనతో కొండెక్కినవాళ్ళలో ఆరుగురు చనిపోయాక, సరైన సోళ్ళు లేకే ఇలా జరిగిందని ఇటలీకి చెందిన వితాలె బ్రామాని అనే పర్వతారోహకుడు లోతు గాళ్ళున్న రబ్బరు సోలు తయారుచేశాడు. 1937లో వచ్చిన ఆ సోలుకి అతని పేరులోని మొదటి అక్షరాలు కలిపి విబ్రమ్ అని పేరు. గాళ్ళు మట్టితో నిండితే ఆ సోలుకీ సాదా సోలుకీ తేడా లేదు.

ఏజెన్సీ ఎర్రమట్టి ఆరాక బ్రష్‌తో దులపండి. పోకపోతే తడిగుడ్డ, అదీ చాలకపోతే ఒంటిసబ్బు నురగ కొంచెం. బట్టల పౌడరు వద్దు, అది తోలులోని నూనెని లాగేస్తుంది. సముద్రపు నీళ్ళు తగిలితే మాత్రం ఆరేదాకా ఆగకండి, అదే రోజు మంచినీళ్ళతో తడిగుడ్డ పెట్టి రెండుమూడుసార్లు తుడవండి. ఉప్పు తోలులో ఉండిపోతే గాల్లో తేమని పీలుస్తూ, ఆరుతూ, తెల్లటి చారలు కడుతూ తోలుని పెళుసు చేస్తుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళవాళ్ళు ఏటా గేటుకి రంగెందుకు వేస్తారో తెలుసుగా, లేసు కొక్కేలకీ అదే గాలి తగులుతుంది. నెలకోసారి వాటిని పొడిగుడ్డతో తుడిచి, ఇయర్‌బడ్‌తో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె అద్దండి. తోలుకి తగలనివ్వకండి.

లోపల తడిగా ఉంటే పాత పేపరు ఉండలు చేసి వేళ్ళ దాకా కుక్కండి. పేపరు తడిసిన వెంటనే మార్చాలి, మొదటి రాత్రి రెండుమూడుసార్లు. తడిసిన పేపరు అలాగే వదిలేస్తే అసలు పేపరు పెట్టనట్టే. ఆ తర్వాత నీడలో, ఫ్యాను గాలికి, పక్కకి పడుకోబెట్టి ఉంచండి. సోలుకీ గాలి తగలాలి. పొడి ఊళ్ళలో ఒక రాత్రిలో ఆరేవి మనకి రెండు రోజులు తీసుకుంటాయి. వరసగా రెండు రోజులు ఒకే జత వేసుకోకండి.

నూనె ఎంత, మైనం ఎప్పుడు

"కొబ్బరినూనె రాయరా, మీ తాతయ్య కిర్రుచెప్పులకి ఆముదం పట్టించేవాడు" అంటుంది అమ్మ. తాతయ్య చేసింది సరైనదే. చెప్పుకి పట్టీ మెత్తగా ఉంటే చాలు. బూటు పని చీలమండని పట్టి ఉంచడం. నూనె తాగిన తోలు సాగిపోయి ఆ పట్టు వదిలేస్తుంది. పైగా ఎక్కువైన నూనె కుట్ల దగ్గర, సోలు అంచున చేరి జిగురుని పాడుచేస్తుంది, బూజుకి మేతవుతుంది.

మైనం రాసే సమయం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. బూటు మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. తామరాకు మీద నీళ్ళలా జారితే ఏమీ రాయక్కర్లేదు. చుక్క పరుచుకుని, కింద తోలు రంగు ముదిరితే అప్పుడు రాయాలి. మామూలు వాడకానికి మన ఊళ్ళో ఏడాదికి రెండుసార్లు చాలు: జూన్‌లో వానలకి ముందొకసారి, నవంబరు తుఫాన్లు తగ్గాక, చలికాలం ట్రెక్కులకి ముందు మరోసారి.

ముందు బూటు శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. తేనెమైనం ఉన్న బూటు మైనం బఠాణీ గింజంత వేలికి తీసుకుని, వేలి వేడికి కరగనిచ్చి, సన్నగా రుద్దండి. కుట్ల మీద, నాలుక రెండువైపులా మడత దగ్గర, వేళ్ళ మడత దగ్గర ఇంకాస్త. గంట ఆగి పొడిగుడ్డతో మిగిలింది తుడిచెయ్యండి. వేలితో ముట్టుకుంటే జిడ్డు అంటకూడదు. నుబక్‌కి మైనం రాస్తే వెల్వెట్ పోయి నల్లబడుతుంది, వాటికి స్ప్రే రకం వాడండి. ఆఫీసు బూట్ల పాలిష్ మెరుపు కోసం, వానలో దాన్ని నమ్ముకోకండి.

వానాకాలం, బూజు

గాలిలో తేమ 65, 70 శాతం దాటి అలాగే నిలిస్తే తోలు మీద బూజు పడుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ అంతకన్నా ఎక్కువే. కాబట్టి బూట్లని పెట్టెలో పెట్టి బీరువాలో దాచడం అంటే బూజుని పెంచడమే. ప్లాస్టిక్ కవరు అంతకన్నా ఘోరం. గాలాడే అరలో, నేలకి ఎత్తుగా, లోపల పొడి పేపరు కుక్కి ఉంచండి. ఇంట్లో ఏసీ గది ఉంటే రాత్రుళ్ళు అందులో ఒక మూల పెట్టండి, ఏసీ గాల్లో నీటిని లాగేస్తుంది. మా ఇంట్లో దీనికి అనుమతి రావడానికి మూడు వర్షాకాలాలు పట్టింది. పదిహేను రోజులకోసారి వేసుకుని వీధి చివరిదాకా నడిచి రావడం అన్నిటికన్నా మేలు.

తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి, మేడ మీదికి తీసుకెళ్ళి ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. తర్వాత తెల్ల వెనిగర్, అంతే నీళ్ళు కలిపి గుడ్డ ముంచి పిండి తుడవండి. ముందు నాలుక లోపలివైపు రాసి రంగు పోతుందేమో చూసుకోండి. నీడలో ఆరాక సన్నగా మైనం. ఇన్‌సోళ్ళకి బూజు పడితే కడిగి దాచుకోకండి, కొత్తవి కొనండి.

అడుగు ఊడిన రోజు

ఇది తోలుకి సంబంధించింది కాదు, కానీ తోలు బూట్లున్న వాళ్ళందరికీ ఒకరోజు ఎదురవుతుంది.

మంచి బూట్లని దాచుకునే బుద్ధి నాకుండేది. ఒక జత ఆరేళ్ళలో పదిసార్లు కూడా వేసుకోలేదు. తోలు కొత్తదిలా మెరుస్తోంది. వాటితో వంజంగి ఎక్కాను. దిగుతుండగా కుడికాలు కింద ఏదో మెత్తగా నలిగినట్టయింది. చూస్తే మడమ దగ్గర సోలు నోరు తెరిచి ఉంది. వంద అడుగులు కాకముందే ఎడమది కూడా. లోపలి ఫోమ్ వేళ్ళతో నొక్కితే అటుకుల్లా పొడి రాలింది. లేసులు ఒకటి ఊడదీసి సోలుని పాదానికి చుట్టి కట్టి, కుంటుకుంటూ దిగాను. పక్కన స్లిప్పర్లతో దిగుతున్న పిల్లలు జాలిగా చూశారు.

ఊళ్ళో చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్ళాను. తోలు కుట్టే ఆరె కొనతో ఆ ఫోమ్‌ని ఒకసారి గీకి, బూటు తిప్పి చూసి నవ్వాడు. "ఇది తోలు తప్పు కాదు బాబూ, లోపల అడుగే సచ్చిపోనాది. దీనికి సొల్యూషన్ రాస్తే పిండికి రాసినట్టే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చాలా బూట్లలో తోలుకీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర పాలియురెథేన్. గాల్లోని తేమ ఏళ్ళ తరబడి ఆ పదార్థాన్ని లోపల్లోపలే విడగొడుతుంది. దాన్ని హైడ్రాలిసిస్ అంటారు. వాడినా వాడకపోయినా జరుగుతుంది, వేడి తేమ ఊళ్ళలో ఇంకా త్వరగా జరుగుతుంది. దాచుకున్న బూటుకి మరీ ప్రమాదం, నడుస్తూ ఉంటే ఆ పొర నలుగుతూ తేమని కొంత వదిలించుకుంటుంది. ఈవీఏ అనే మరో రకం ఫోమ్‌కి ఈ జబ్బు లేదు, కానీ అది త్వరగా అణిగిపోతుంది. కొనేటప్పుడు లోపల ఏముందో అడగండి.

అందుకే ఇప్పుడు కొన్న నెల, సంవత్సరం నాలుక లోపలివైపు మార్కర్‌తో రాసుకుంటాను. నాలుగేళ్ళు దాటాక ప్రతి ట్రెక్‌కి వారం ముందు, సోలు పక్కన కనిపించే ఆ పొరని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి చూస్తాను. నొక్కు పడి మళ్ళీ పైకి లేస్తే బతికే ఉంది. గోటిగాటు అలాగే ఉండిపోయినా, సన్నటి పగుళ్ళు కనిపించినా, ఆ జతతో కొండ ఎక్కను. తోలు బాగుంటే సోలు మొత్తం తీసి కొత్తది వేసే పనివాళ్ళున్నారు, కాకపోతే పైభాగాన్ని సోలుకి కుట్టిన బూట్లకి అది తేలిక, జిగురుతో అంటించినవాటికి పనివాడి చెయ్యి బాగుండాలి. ఆ తాత నా పాత జతకి ఒప్పుకోలేదు. తోలు మాత్రం కత్తిరించి ఉంచుకుంటానన్నాడు, మంచి తోలు, చెప్పుల పట్టీలకి పనికొస్తుందని. ఇచ్చేశాను.